వ్యూహము – అనుష్ఠానము: మోటుపల్లి శాసనమును బట్టి ఒక విచారము

ఆంగ్లమున 'స్ట్రాటజీ' అను పదమునకు మనవారు 'వ్యూహము' అను పదమును వాడుచున్నారు. పత్రికలలోను, వాణిజ్యనిర్వహణమునకు సంబంధించిన పాఠ్యగ్రంథములలోను, ప్రభుత్వపు కాగితములలోను ఈ పదమే స్థిరపడినది. పదము మంచిదే. కాని దానిని వాడు విధమునందు ఒక దోషము కలదు. వ్యూహరచన యనునది పెద్దలు ఒక గదిలో కూర్చుండి చేయు ఆలోచన యనియు, దానిని అమలుజరుపుట క్రిందివారు తరువాత చేయు పని యనియు రెండుగా చీల్చి చెప్పుచున్నారు. ఆ రెండింటి నడుమ తామే ఒక అగాధమును త్రవ్వి, పిమ్మట ఆ అగాధమును దాటుట ఎట్లని పెద్ద పెద్ద గ్రంథములు వ్రాయుచున్నారు. ఈ విభాగము మన శాస్త్రములకు సమ్మతము కాదని నా అభిప్రాయము.

ముందు పదమునే విచారింతము. ధాతుపాఠమున ఊహధాతువునకు వితర్కమని అర్థము. ఆ ధాతువు 'వి' యను ఉపసర్గతో కూడి 'వ్యూహము' కాగానే కోశకారులు దానికి సేనను నిలిపిన తీరు అని అర్థము చెప్పిరి. ఆలోచన ధాతువులోనున్నది, నిలుపుట పదములోనున్నది. ఒకదానిని విడిచి మఱియొకటి లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున పదవ అధికరణము వ్యూహములను వివరించును. ఉరస్సు, కక్షలు, పక్షములు అను స్థానములలో ఏ బలమును నిలుపవలయునో, కాల్బంటునకు కాల్బంటునకు, గుఱ్ఱమునకు గుఱ్ఱమునకు నడుమ ఎంత ఎడముండవలయునో అచ్చట చెప్పబడినది. మనిషి తన చోట నిలువకముందు వ్యూహము లేదు. తెలుగు నుడికారము ఇంకను స్పష్టము. మనము వ్యూహమును 'పన్నుదుము'. వలను కూడ పన్నుదుము. వల పన్నుట యనగా వలను గూర్చి తలపోయుట కాదు. దానిని తెచ్చి, పఱచి, మేకులు దిగగొట్టి, త్రాడు చేతబట్టి కూర్చుండుట. ఇట్టి నుడి గల భాషలో 'వ్యూహము బాగుగనే యున్నది, అమలే సరిగా జరుగలేదు' అను మాట ఎట్లు పుట్టెనో నాకు బోధపడదు. వల చిరిగినదనవచ్చును, వేయరాని చోట వేసితిమనవచ్చును. పన్ననే పన్నని వల బాగుగనున్నదనుట ఎట్లు?

పాశ్చాత్యులందఱును ఈ విభాగమును ఒప్పుకొనిరని చెప్పుట న్యాయము కాదు. 1962లో అమెరికా చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ చాండ్లర్ డూపాంట్, జనరల్ మోటార్స్, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్, సియర్స్ రోబక్ అను నాలుగు పెద్ద కంపెనీల చరిత్రను పరిశీలించి, వ్యాపారపు త్రోవ మాఱినప్పుడు సంస్థలోని అధికారముల అమరిక కూడ మాఱవలసివచ్చునని చూపెను. ఆలోచించువారిని, చేయువారిని వేఱుచేయుటయే ప్రణాళికల వైఫల్యమునకు ఒక మూలమని కెనడా దేశపు హెన్రీ మింట్స్‌బర్గ్ 1994లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఈ గ్రంథములను నాకు చూపినవాడు మేనేజిమెంటు చదువుచున్న మా శిష్యుని కుమారుడు. బదులుగా నేను వానికి చూపినది మీమాంస.

విధి నాలుగు విధములని మీమాంసలో ప్రకరణగ్రంథములు చదివిన విద్యార్థులందఱకును తెలియును. కర్మస్వరూపమును మాత్రము తెలుపునది ఉత్పత్తివిధి. ఏ ద్రవ్యము, ఏ అంగము దేనితో సంబంధించునో తెలుపునది వినియోగవిధి. ఆ కర్మకు ఎవడర్హుడో, ఫలమెవనిదో తెలుపునది అధికారవిధి. అంగములన్నింటిని ఏ క్రమమున, విలంబము లేక, నడుపవలయునో తెలుపునది ప్రయోగవిధి. అగ్నిహోత్రము చేయవలయునని విన్నంతమాత్రమున ఎవడును పాలకుండతో లేచి నిలువడు. పాలా, పెరుగా? ఉదయమా, సాయంకాలమా? నేనా, నా పొరుగువాడా? ఈ ప్రశ్నలు తీరవలయును. నేడు సంస్థలనుండి వ్యూహమను పేర వెలువడు పత్రములను చదివినచో పెక్కింట ఉత్పత్తివిధి తప్ప వేఱొకటి కానరాదు. తక్కిన మూడు లేకపోవుటనే ఆ సంస్థలు 'అమలులో లోపము' అని పిలుచుకొనుచున్నవి. అది అమలులో లోపము కాదు, విధిలోనే లోపము.

కౌటిల్యుని దృష్టియు ఇట్టిదే. మంత్రమునకు ఆయన ఐదు అంగములను చెప్పెను. పనిని ఎట్లు మొదలుపెట్టవలయును, ఎవరితో, ఏ సామగ్రితో, ఎచ్చట, ఎప్పుడు, నడుమ చెడినచో ఏమి చేయవలయును, తుదకు పని నెఱవేఱినదని ఎట్లు తెలియును అనునవే ఆ అంగముల సారము. ఏమి చేయవలయునను సంకల్పము ఈ ఐదింట ప్రత్యేకముగా లెక్కింపబడలేదని విజ్ఞులు గమనింపవలయును. అది యున్నదనుకొనియే మంత్రము మొదలగును. మనము నేడు ఆ సంకల్పమొక్కటి కాగానే మంత్రము ముగిసినదని లేచిపోవుచున్నాము.

అర్థశాస్త్రమును వాణిజ్యసంస్థల శిక్షణసభలలో నేడు తఱచుగా స్మరించుచున్నారు. సంతోషమే. కాని అచ్చట వినబడు శ్లోకములలో అనేకము చాణక్యనీతి యను పేర ప్రచారములోనున్న సంకలనములలోనివి, అర్థశాస్త్రములోనివి కావు. తంజావూరు ప్రాంతపు పండితుడొకరు మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు ఇచ్చిన తాళపత్రప్రతిని 1905లో గుర్తించి, ఆర్. శామశాస్త్రిగారు 1909లో అచ్చువేసిన గ్రంథమున 15 అధికరణములు, 150 అధ్యాయములు కలవు. అందు అధ్యక్షప్రచారమను రెండవ అధికరణమొక్కటియే 36 అధ్యాయములు, అనగా ఇంచుమించు నాలుగవవంతు. ఈ భాగమును సభలలో స్మరించువారిని నేను చూడలేదు. మనలోను పాఠము చెప్పువారు అరుదు. తూనికలు, కొలతలు, కొట్లు, సుంకపుచావడి, ఓడలు, పశువులు, నూలు – ఇందేమి రసమున్నదని అడుగుదురు. మంత్రము కార్యముగా మాఱు చోటు అదియే. ఒక్క ఉదాహరణముతో ఈ సంగతి తేలగలదు.

ఆ అధికరణమున నావధ్యక్షుని ప్రకరణములో, గాలివానకు దెబ్బతిని దారితప్పి వచ్చిన ఓడను అధ్యక్షుడు కన్నతండ్రివలె ఆదరింపవలయుననియు, నీట తడిసిన సరకునకు సుంకమును సగమునకు తగ్గించుటయో, పూర్తిగా విడుచుటయో చేయవలయుననియు కలదు. పణ్యాధ్యక్షుని ప్రకరణములో, పరదేశపు సరకును తెచ్చు నావికులకు మినహాయింపులిచ్చి ప్రోత్సహింపవలయునని కలదు. గ్రంథకాలమును గూర్చి వివాదమున్నది. చంద్రగుప్తమౌర్యుని కాలమని సంప్రదాయము. 2013లో మరల ఆంగ్లీకరించిన పాట్రిక్ ఆలివెల్ దానిని క్రీస్తుశకారంభ ప్రాంతమునకు దించెను. ఏ మతమును గైకొన్నను, ఈ విధి వెలసిన వేయేండ్లకు పైగా గడచిన పిమ్మట మన తీరమున ఏమి జరుగుచుండెనో చెప్పుటకు ఒక శిలాస్తంభము కలదు.

అది మోటుపల్లి స్తంభశాసనము. మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలోనున్న సముద్రతీరగ్రామము. అచ్చటి వీరభద్రాలయమునందలి స్తంభముపై కాకతీయ గణపతిదేవుడు శకవర్షము 1166లో, అనగా క్రీ.శ. 1244–45లో, వేయించిన అభయశాసనమును హుల్ట్‌జ్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటమున ప్రకటించెను. భాష సంస్కృతమును, తెలుగును. తుఫానుపాలై పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సరకునంతయు పూర్వపురాజులు బలాత్కారముగా గైకొనుచుండిరని ఆ శాసనమే చెప్పుచున్నది. ప్రాణములకు తెగించి సముద్రముపై వచ్చు వర్తకులయెడ దయతో, నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడుచుచున్నట్లు గణపతిదేవుడు అందు ప్రకటించెను.

ఇచ్చట నిలిచి ఆలోచింపవలయును. పగిలిన ఓడను దోచుకొనరాదను నీతి పూర్వరాజులకు తెలియనిది కాదు. శాస్త్రము వేయేండ్లుగా చెప్పుచునే యున్నది. మఱి ఎందులకు నడువలేదు? ఓడ ఒడ్డున పడినప్పుడు దోచుకొనుటవలన కలుగు లాభము ఆ దినముననే, ఆ రేవుననే, అచ్చటి అధికారి కన్నులయెదుటనే యున్నది. అభయమిచ్చుటవలన కలుగు లాభము ఏండ్లు గడచిన తరువాత, దూరముననున్న ఓరుగల్లు భాండాగారమునకు చేరవలసినది. ఈ తూకము మాఱనంతవఱకు నీతి గ్రంథముననే యుండును. గణపతిదేవుని శాసనము చేసిన మొదటి పని, తాము దేనిని వదలుకొనుచున్నారో పేరుపేరున చెప్పుట. బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు. నేటి సంస్థల వ్యూహపత్రములలో సాధింపదలచినవాని పట్టిక దీర్ఘముగానుండును. వదలుకొనుచున్నవాని పట్టిక ఉండదు. పాతదానిని విడువుమని స్పష్టముగా చెప్పనిచో క్రింది ఉద్యోగి పాత అలవాటునే పట్టుకొనియుండును. వానిని తప్పుపట్టుట తగదు.

రెండవ పని, సంఖ్య చెప్పుట. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒకటి. అర్థశాస్త్రమున దిగుమతి సరకునకు సామాన్యముగా ఐదవవంతు. సరకును బట్టి ఆఱవవంతు, పదవవంతు ఇత్యాదిగా ఇరువదియైదవ వంతు వఱకు తగ్గును. ముప్పదియవ వంతు వీనియన్నింటికంటె తక్కువ. అంతటితో ఆగక గంధము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు అని సరకులను పేర్కొని, దేనికెంతయో శాసనము నిర్ణయించినది. పోకలకు లక్షల లెక్కన. 'వర్తకులను ఆదరింపుడు' అని మాత్రమే చెప్పియుండినచో ఆదరమెంతయో తేల్చుట రేవులోని సుంకరి చేతిలో పడియుండెడిది. సుంకరి యెదుట సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అని తెలుగువారు ఊరక అనలేదు.

మూడవది, శాసనము నిలిచిన చోటు. అది ఓరుగల్లులో తాళపత్రముగా మూటగట్టబడి యుండలేదు. సుంకము కట్టువాడును, పుచ్చుకొనువాడును ఇరువురును తిరుగాడు రేవులో రాతిపై నిలిచినది. సుంకరి ఎక్కువ అడిగినచో వర్తకుడు స్తంభమును చూపగలడు. కౌటిల్యుడు సుంకశాలలో నలుగురైదుగురిని కూర్చుండబెట్టి, వర్తకుడెవడు, ఎచ్చటినుండి వచ్చినాడు, సరకెంత, తొలి ముద్ర ఎచ్చట పడినది అని వ్రాయించెను. అధికారుల పొత్తును పగను రెండింటిని అనుమానించి పైనుండి కనిపెట్టించెను. అది యంతయు అవసరమే. కాని పైవాని నిఘాకంటె ఎదుటివాడు నిలదీయగలుగుట బలమైన కట్టుబాటు. ఈ విషయమున కాకతీయుని శాసనము కౌటిల్యునికంటె ఒక అడుగు ముందున్నదని నా తలంపు. ఒక సంస్థ తన వ్యూహమును తన ఉద్యోగులకే కాక, ఆ వ్యూహము ఎవరికొఱకో వారికి కూడ చదువవచ్చినట్లు వ్రాసినచో సగము పర్యవేక్షణ ఉచితముగా జరుగును.

ఆ శాసనము వెలసిన పిమ్మట అర్ధశతాబ్దమునకు వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో 'ముత్ఫిలి' రాజ్యపు వజ్రములను, సన్నని వస్త్రములను వర్ణించినాడు; ముత్ఫిలి మోటుపల్లియే యని పండితులు గుర్తించిరి. 1323లో కాకతీయరాజ్యము కూలినది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో సముద్రవర్తకులకు మరల అభయశాసనము వేయించెను. రాయి చెడకున్నను మాట పాతబడును. కొత్త ప్రభువు, కొత్త సుంకరులు వచ్చినప్పుడు మరల చెప్పవలసినదే. ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసములోని రాజనీతిలో శ్రీకృష్ణదేవరాయలు రేవులను వృద్ధిచేయుమని చెప్పుచు, తుఫానుచేతనో రోగముచేతనో డస్సి ఒడ్డుచేరిన పరదేశపు నావికులను వారి వారి జాతులకు తగినట్లు ఆదరింపుమని చెప్పినది కూడ ఈ పరంపరలోనిదే. నావధ్యక్షుని విధి మోటుపల్లి రాతిమీదుగా తెలుగు ప్రబంధమున చేరినది.

ఇక చేయువారిని ఆలోచనలో చేర్చుకొనవలయునా యను ప్రశ్న. ఇది నేటిది కాదు. మంత్రాధికారమున కౌటిల్యుడు పూర్వాచార్యుల మతములను చెప్పుచు పిశునుని మతమును కూడ చెప్పినాడు. తమకు సంబంధము లేని కార్యమును గూర్చి మంత్రులను అడిగినచో వారు అనాదరముతో చెప్పుదురు, లేదా బయటపెట్టుదురు. కావున ఏ పనికి ఎవరు నియుక్తులో వారితోనే ఆ పనిని ఆలోచింపవలయునని పిశునుడు. అట్లైన అంతు ఉండదు, అనవస్థ యగును. ముగ్గురు నలుగురు మంత్రులు చాలుదురని కౌటిల్యుడు. గురుముఖమున చదివిననాటినుండి కౌటిల్యపక్షమే సిద్ధాంతమని మనమందఱము అప్పజెప్పుచున్నాము. యుద్ధమంత్రమున అది సిద్ధాంతమే. అచ్చట రహస్యము ప్రాణము. వాణిజ్యమున, విద్యాసంస్థలో, రహస్యమునకు అంత పని లేదు. మోటుపల్లి మంత్రము చాటబడినచోనే మంత్రము, దాచబడినచో వ్యర్థము. ఏ సరకును తూనికతో కొలువవలయునో, దేనిని లెక్కించవలయునో రేవున పనిచేసినవాడు చెప్పక ఓరుగల్లు పండితునకు తెలియుట కల్ల. కావున ఇట్టి కార్యములలో నేను పిశునుని పక్షము వహించుచున్నాను. అనవస్థాదోషమునకు మందు కలదు: ప్రతి పనికిని చేయువాడు ఒకడే యని ముందు నిర్ణయించినచో పిలువవలసినవారు పదిమంది కారు.

ప్రతిక్రియ యను అంగమును గూర్చి ఒక్క మాట. అభిమన్యునకు పద్మవ్యూహమున చొచ్చుట తెలియును, వెలువడుట తెలియదని లోకమంతయు వానిని అరకొర విద్యకు ఉదాహరణముగా చూపుచున్నది. ద్రోణపర్వమును శ్రద్ధగా చదివినచో ఆ బాలుని తప్పేమియు లేదు. తనకు తెలియనిది తెలియదని ముందే చెప్పినాడు. దారి తెఱచినచో వెంటనే మేము చొచ్చెదమని ధర్మజభీములు మాటయిచ్చిరి. సైంధవుడు అడ్డగించినందున ఆ మాట చెల్లలేదు. అడ్డగించినచో ఏమి చేయవలయునని ఎవరును ఆలోచింపలేదు. మంత్రములో లోపమునకు మూల్యము చెల్లించినవాడు అనుష్ఠాత. ఏ కార్యాలయమున చూచినను ఇదియే వరుస.

దూరపు సంగతులు చాలును. నేను పనిచేసిన ఒక కళాశాలలో తాళపత్రగ్రంథములకు వివరణాత్మకసూచిని సిద్ధపఱుపవలయునని ఒక తీర్మానము జరిగినది. అధ్యాపకులలో కడగొట్టువాడనగుటచే నేను వెనుక బల్లపై కూర్చుండి వింటిని. తీర్మానపు భాష గంభీరముగానుండెను. ప్రాచీనవిజ్ఞానపరిరక్షణము, భావితరములు మొదలగునవన్నియు అందు కలవు. ఎవరు సూచి వ్రాయవలయునో అందు లేదు. పాఠముల గంటలు ఎవరికెంత తగ్గింపబడునో లేదు. నిమ్మగడ్డి నూనెకును, పత్రములపై రుద్దు మసికిని, కట్టలు కట్టుటకు ఎఱ్ఱగుడ్డకును పైకము ఏ పద్దునుండి తీయవలయునో లేదు. బీరువా తాళముచెవి ఒక అటెండరు వద్ద ఉండెను. ఆయన ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట చెవి ఎచ్చటనున్నదో తెలిసికొనుటకే చాలకాలము పట్టినది. తెఱచునప్పటికి రెండు అరలు చెదలపాలైనవి. వానిలో ఏ గ్రంథములుండెనో చెప్పుటకు సూచి లేదు గదా. పిమ్మట జరిగిన సభలో తీర్మానము ఉత్తమమైనదే కాని సిబ్బంది సహకరింపలేదని మినిట్సులో వ్రాసికొనిరి. ఎవరిని అడిగితిరి, ఎవరు సహకరింపలేదు అని ప్రశ్నించినవారు లేరు.

ఇట్టి కళాశాలలు నేడు విద్యార్థుల సంఖ్య తగ్గి, ఖాళీ అయిన అధ్యాపకుల స్థానములు నిండక, కష్టదశలోనున్నవి. వానిని నిలుపుటకు దర్శనపత్రములు, దీర్ఘకాలప్రణాళికలు వ్రాయబడుచున్నవి. వ్రాయుటలో మనవారు ఎవరికిని తీసిపోరు. నేను కోరునది ఒక చిన్న కార్యము. అధ్యక్షప్రచారమునుండి అక్షపటలము, పణ్యము, శుల్కము, నౌకలు అను ప్రకరణములను, వానితో గణపతిదేవుని, అనపోతారెడ్డి మోటుపల్లి శాసనములను చేర్చి, ఎం.ఏ. విద్యార్థులకు ఒక పత్రముగా పెట్టవలయును. సంస్కృతాధ్యాపకుడొకడు, తెలుగు శాసనభాష తెలిసినవాడొకడు కలసి చెప్పవలసిన పాఠమిది, ఒక్కరితో కాదు. పుల్లెల శ్రీరామచంద్రుడుగారి తెలుగు అనువాదము కలదు కావున పుస్తకము లేదను సాకు చెల్లదు. వారమునకు మూడు గంటలు, రెండు నెలలు చాలును. శాసనభాష తెలిసినవారు కళాశాలలో లేనిచో సమీపకళాశాలనుండి పిలువవలయును. పిలుచుటకు దారిఖర్చు ముందే కేటాయింపవలయును. పాఠ్యప్రణాళికాసంఘము మఱల కూడినప్పుడు పత్రము పేరు వ్రాయుటకు ముందు, దానిని చెప్పబోవు ఇద్దఱి పేళ్లను, వారి సమ్మతితో, కాగితముపై వ్రాయవలయునని నా మనవి.